గేదెతో చెప్పిన మాట

మంగళవారం, కొత్తపేట.

పత్రికకి పంపిన నా కథ మళ్ళీ తిరిగొచ్చింది. పాత్రలన్నీ నాలాగే టీచరమ్మల్లా మాట్లాడుతున్నాయట. ఉక్రోషం పట్టలేక, అందులో సీత మొగుడితో పోట్లాడే ఘట్టం అత్తగారికి చదివి వినిపించాను. "నువ్వు నా జీవితాన్ని నాశనం చేశావు" అని సీత అనగానే ఆవిడ నవ్వేశారు.

"ఇంత తిన్నగా ఎవరంటారమ్మా? మీ మావయ్యగారి మీద కోపమొస్తే నేనెప్పుడూ ఆయన్ననలేదు. ఆయన వినేలా గేదెతో చెప్పేదాన్ని."

"ఏమనేవారండీ?"

"'నీకేం తల్లీ, వేళకి కుడితి పెట్టడానికి నేనున్నాను. నేను తిన్నానో లేదో అడిగే నాథుడు లేడు' అన్నానోసారి. ఆ పూట ఆయనే కంచం పెట్టి పిలిచేరు."

నాలుగు పేజీల్లో నాకు చేతకానిది ఆవిడ ఒక్క మాటలో చెప్పేశారు! వెంటనే రాసుకోవడానికి కూర్చున్నాను. కాసేపటికి వంటింట్లో ఆవిడ పిల్లితో అంటున్నారు.

"ఇవాళ నీకు పాల్లేవే. కొందరు కథలు రాసుకుంటుంటే అవి పొంగిపోయేయి."

సిగ్గేసింది. పరుగున వెళ్ళి స్టవ్ తుడిచి, ఆ మాట కూడా రాసుకున్నాను.

పాత పేజీలు నాలుగూ చించేశాను. ఈ కథని వదలను. రేపు పొద్దున్నే మొదటి వాక్యం నుంచి మళ్ళీ మొదలుపెడతాను. ముందు సీతకి ఒక గేదెని కొనిపెట్టాలి.