అల్లునికి చుట్టిచ్చిన ముక్కలు

నిజామాబాద్,
ఆదివారం

నా హఫ్సాకు,

ఫోన్‌లో చెప్పలేక రాస్తున్నాను. రెండు నెలలుగా మా ఆయన సాయికుమార్‌ను వదిలి వేరే గదిలో ఉంటున్నానని నీకు తప్ప ఎవరికీ తెలియదు. కడుపు పోయాక ఆయన ఆ బిడ్డ గురించి ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఆఫీసు, అన్నం, నిద్ర. బిడ్డ నా ఒక్కదానిదేనా అనిపించి వచ్చేశాను. నిన్న ఆ సంగతి చెప్పేద్దామనే నన్ను కన్న అవ్వనూ బాపునూ చందూర్ నుంచి పిలిపించాను. గదికి తీసుకెళ్ళే ధైర్యం లేక బస్టాండు నుంచి నేరుగా కొత్త హోటల్‌కు తీసుకెళ్ళాను. అల్లుడు ఎక్కడని అడిగితే డ్యూటీ అని అబద్ధం చెప్పాను.

అక్కడ కంచం నిండా వడ్డించరు. చిన్న చిన్న ప్లేట్లలో ఒక్కొక్కటే తెచ్చి మధ్యలో పెడతారు. అందరూ అందులోంచే తీసుకోవాలి. మొదటి ప్లేటులో నాలుగే పనీరు ముక్కలు. బాపు వాటిని చూసి, నన్ను చూసి, "గివి రుసి సూడనీకి ఇచ్చిండ్రా బిడ్డా? అన్నం ఎప్పుడు తెస్తరు?" అన్నాడు. అవ్వ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఇంట్లో బాపు తిని లేచాకే తినే మనిషి, ఒకే ప్లేటులో ఆయనతోపాటు చేయి పెట్టడానికి తెగ మొహమాటపడింది. బాపే ఒక ముక్క తీసి ఆమె ముందు పెట్టాడు. "తిను, సల్లారుతది."

వాళ్ళనలా చూస్తుంటే నాకు ఆ సంగతి చెప్పబుద్ధి కాలేదు. ఐదు ప్లేట్లు వచ్చిపోయాయి. చివర్లో రెండు చికెన్ ముక్కలు మిగిలితే బాపు వాటిని కాగితం రుమాలులో చుట్టి నా చేతిలో పెట్టాడు. "అల్లునికియ్యి. పాపం, ఒక్కడే ఉన్నడు" అన్నాడు, నా ముఖంలోకే చూస్తూ.

నేను "సరే బాపు" అన్నాను. అంతే. బస్సెక్కించి వచ్చేశాను. ఒక్కడే అని ఎందుకన్నాడు? తెలిసే అన్నాడా, ఊరికే అన్నాడా? నాకేమీ పాలుపోవడం లేదు.

నీ
శ్రీవాణి


గురువారం

హఫ్సా,

నీ జవాబు రాకముందే మళ్ళీ రాస్తున్నాను. నిన్న ఉండబట్టలేక అవ్వకు ఫోన్ చేసి అంతా చెప్పేశాను. అవ్వ ఇలా అంది:

"మాకు ఎరుకే బిడ్డా. అల్లుడు పోయిన నెలనే వచ్చిండు. బాపు పక్కన కూసోని సిన్న పోరని లెక్క ఏడ్సిండు. బిడ్డకు పేరు గూడ అనుకున్నడంట. నీ ముంగట ఆ మాట తీస్తే నువ్వు ఇంకింత కుములుతవని ఊకున్నడంట. నువ్వే సెప్పేదాంక అడగొద్దని బాపు నాతోని ఒట్టు ఏయించిండు. అల్లుని మాట తీస్తే నోరు ఇప్పుతవేమోనని గట్ల ముక్కలు సుట్టి ఇచ్చిండు."

"ఏం పేరు అవ్వా?"

"గది నువ్వే అడుగు."

రాత్రంతా కోపమో ఊరటో తెలియలేదు. నా ముందు రాని ఏడుపు బాపు ముందు ఎలా వచ్చింది? బాపు తిట్టి ఆయన దగ్గరికే పొమ్మంటాడనుకున్నాను, ఎదురు తిరగడానికి సిద్ధమయ్యాను. ఇప్పుడు ఎవరి మీద తిరగాలి?

ఇవాళ ఆయన ఆఫీసు వదిలే వేళకు గేటు దగ్గర నిలబడ్డాను. నన్ను చూసి ఆగిపోయాడు. పేరేమిటని అడిగాను. బండి తాళాలు చేతిలో తిప్పుతూ, "సుచిత్ర" అన్నాడు.

ఇంటికి పోలేదు హఫ్సా. పోతానో లేదో ఇంకా తెలియదు. ఆఫీసు గోడ పక్కనే చీకటి పడేదాకా నిలబడి మాట్లాడుకున్నాం. ఆదివారం మళ్ళీ కలుద్దామన్నాం.

"ఆడపిల్లే అనుకున్నవా?" అని అడిగాను.

"నువ్వు అనుకోలేదా?" అన్నాడు.

నేనూ ఆడపిల్లే అనుకున్నాను హఫ్సా.

నీ
శ్రీవాణి