చర్చకు రాని పద్దు

శ్రీనూ,

నువ్వు వెళ్ళిపోయి పదకొండు నెలలైంది. ఇన్నాళ్ళూ ఒక్క ముక్క రాయలేకపోయాను. ఈరోజు బ్యాంకుకు సెలవు పెట్టి కూర్చున్నాను. నీకు చెప్పాల్సినవి ఉన్నాయి... అడగాల్సినవి కూడా.

సూరత్‌లో మన బమ్రోలి ఇంట్లోనే ఉన్నాను. అమ్మానాన్నలు పోయాక మనిద్దరం సర్దుకున్న ఆ రెండు గదులే. కింద మరమగ్గాల చప్పుడు ఎప్పటిలాగే ఉంది. నువ్వు ఢిల్లీ నుంచి ఫోన్ చేసే ఆదివారం పొద్దున మాత్రం ఏం చేయాలో తోచదు.

లా చదివిన తమ్ముడు సూరత్‌లోనే కోర్టుకు వెళ్తాడనుకున్నాను. నువ్వేమో ఢిల్లీలో ఒక ఎంపీ గారికి ప్రసంగాలు తయారుచేసే పనిలో చేరావు. అంతరిక్ష శాఖ బడ్జెట్ ఏంటి, ఇంకా సభ ముందుకే రాని అంతరిక్ష చట్టం ఏంటి, మనకెందుకు అని నీతో ఎంత పోట్లాడానో! బ్యాంకు పరీక్ష రాయమని ప్రాణం తీశాను కదూ?

నీకా పట్టుదల ప్రకాశ్ వల్ల వచ్చిందని నాకు తెలుసు. నీతో పదో తరగతి దాకా చదివి, ఇక్కడే ఇచ్ఛాపూర్‌లో చిన్న వర్క్‌షాపులో లేతు యంత్రం మీద పనిచేసేవాడు. రాకెట్లలోకి వెళ్ళే చిన్న చిన్న భాగాలు తయారుచేసేవాడు. ప్రయోగాలు వాయిదా పడ్డాయని, పైనుంచి నిధులు ఆగాయని ఆర్డర్ నిలిపేశారు. అతన్ని ఇంటికి పంపేశారు. ఆ రోజు నువ్వు కంచం ముందు కూర్చుని, తినకుండా అన్నావు...

“రాకెట్ ఎగిరిన దినం అందరం చప్పట్లు కొడతం అక్కా. ఎగరని ఏడు ఆ లేతు తిప్పినోడు ఏమైండని ఎవడన్న అడుగుతడా? గది అడిగే జాగ ఒక్కటే. పార్లమెంటు.”

అడిగించడానికి మూడు వారాలు నిద్ర లేకుండా పనిచేశావు. మూడు పేజీల ప్రసంగం. చర్చ జరగాల్సిన రోజు సాయంత్రం నువ్వు ఫోన్ చేస్తే, నీ గొంతు గుర్తుపట్టలేకపోయాను.

“గిలటిన్ ఏసిండ్రు అక్కా. టైం అయిపోయిందని మిగిలిన శాఖల పద్దులన్నీ కలిపి ఒక్కపారే ఓటుకు పెట్టిండ్రు. అవునన్నరు, పాసైపోయింది. మా సారు జేబుల కాగితం జేబులనే ఉంది. గంత పెద్ద శాఖ మీద ఒక్క మాట... ఒక్క మాట మాట్లాడలే.”

అప్పుడు నేనేమన్నాను? మంచిదే అయింది, ఇక ఇంటికి వచ్చెయ్యమన్నాను. నువ్వు “జర పైలం అక్కా” అని పెట్టేశావు. ఒక్క ఓదార్పు మాట చెప్పి ఉంటే ఏం పోయేదిరా నాకు?

కామెర్లు వచ్చినా నాకు చెప్పలేదు. చెబితే ఇంటికి లాక్కొస్తానని భయపడ్డావా? నువ్వు ఇంటికి వచ్చేసరికి ఆలస్యమైపోయింది. ఆసుపత్రిలో ఎనిమిది రోజులు. ఆరో రోజు కళ్ళు కూడా సరిగా తెరవకుండానే అడిగావు... “అంతరిక్షం బిల్లు ఏమైంది అక్కా? సభలకు వచ్చిందా?” నాకు తెలియదన్నాను. చేతిలో ఫోన్ ఉంది. చూసి చెప్పొచ్చు కదా. ఎందుకు చూడలేదో ఇప్పటికీ నాకే తెలియదు.

ఇప్పుడు అసలు సంగతి చెబుతాను.

ఈ ఏడాది మీ శాఖను చర్చకు తీసుకున్నారు. అవును, మీ శాఖే అంటున్నాను, నవ్వకు. మధ్యాహ్నం భోజనాల గదిలో ఫోన్ పెట్టుకుని చూశాను. మీ ఎంపీ గారు లేచి నిలబడ్డారు. మొదటి వాక్యానికే గుర్తుపట్టాను, అది నీదే. దేశ గౌరవం గురించి నువ్వు రాసిన మాటలకు బల్లలు చరిచారు. రెండో పేజీ అయింది. ఇక మూడోది... ప్రకాశ్ లాంటి వాళ్ళ గురించి, ప్రైవేటు రాకెట్ ముక్కలు ఎవరి ఇంటి మీదో పడితే ఎవరు బాధ్యత తీసుకుంటారన్న దాని గురించి రాసింది. టైం అయిందని గంట మోగింది. ఆయన ధన్యవాదాలు చెప్పి కూర్చున్నారు.

చేయి కడుక్కుని కౌంటర్‌లోకి వెళ్ళాను. వరసలో మొదటి మనిషి ఇచ్చిన స్లిప్ మీద అంకెలు కనిపించలేదు.

తర్వాత తెలిసింది, ఆ అంతరిక్ష చట్టం మీద పార్లమెంటు సంఘం ఒకటి జనం అభిప్రాయాలు అడుగుతోందని. ప్రకాశ్‌ను పిలిచాను. ఇప్పుడతను చీరల మార్కెట్లో పార్సెళ్ళు కడుతున్నాడు. నాలుగు ఆదివారాలు నీ మూడో పేజీ ముందు పెట్టుకుని కూర్చున్నాం. ఆర్డర్ ఆగితే వర్క్‌షాపులో ముందు ఎవరి పని పోతుందో, ఎన్నాళ్ళు ఎదురుచూస్తారో అతను చెప్పాడు, నేను రాశాను. ప్రైవేటు రాకెట్లకు లైసెన్సు అంటే ఏంటో, బీమా నిబంధన ఎందుకో నీ నోట్సు చదివే నేర్చుకున్నాను. అంత ఓపికగా నువ్వు చెబుతున్నప్పుడు నేను వంటింట్లోంచి ఊ కొట్టేదాన్ని.

అంతా అయ్యాక, చివర పేరు, సంతకం అని ఉంది. ఆలోచించకుండా నీ పేరు రాసేశాను. ప్రకాశ్ కిటికీ వైపు తిరిగాడు. అప్పుడు అర్థమైంది నాకు... సంతకం బతికున్న వాళ్ళే పెట్టాలి.

పదకొండు నెలల్లో నువ్వు లేవన్న సంగతి నాకు నిజంగా తెలిసింది అక్కడేరా.

ఆ కాగితం మడిచి దాచుకున్నాను. వేరే కాగితం మీద నా పేరు రాసి నిన్న పోస్టు చేశాను. చదువుతారా? తెలియదు. ఆ సంఘం వాళ్ళు పిలిస్తే మాత్రం వెళ్తాను శ్రీనూ. నలుగురి ముందు మాట్లాడాలంటే నాకు భయం, అయినా వెళ్తాను. పిలవకపోతే వాళ్ళకే మళ్ళీ రాస్తాను.

నీ రాతకు నా పేరు పెట్టుకున్నాను. ఏమీ అనుకోవుగా?

మీ అక్క,
సరిత