ఐదువందలో తల

తిరుపతి, లేడీస్ హాస్టల్
4-5-1978

నాయనకు వసంత నమస్కారాలు.

నేను సన్న్యాసం పుచ్చుకోవడం లేదు. అలిపిరి దగ్గర గుండ్ల మధ్య నన్ను చూసిన మునెయ్య మామ, బస్సు వడమాలపేట చేరేలోగా నన్ను సన్న్యాసిని చేసేశాడని నీ ఉత్తరంతో తెలిసింది. మనింట్లో నన్ను ఎవరూ అడగరు. చూసినవాళ్ళు చెప్పిందే నేను.

గుండ్లు చూస్తున్నది నిజమే. నడినెత్తిన వెంట్రుకలు సుడి తిరుగుతాయి కదా. ఎంతమందికి గడియారం ముల్లులా కుడికి, ఎంతమందికి ఎడమకి, ఎంతమందికి రెండు సుళ్ళు? ఐదు వందల తలలు లెక్క రాయమంది మా జువాలజీ మేడం. వేరే ఊళ్ళో అయితే ఒక్కొక్కరినీ బతిమాలాలి. ఇక్కడ కొండ దిగే ప్రతి బస్సూ నలభై తలలు తెచ్చి ముందు పెడుతుంది. ఇప్పటికి మూడు వందల పన్నెండు.

నీ కూతురు
వసంత

తా.క.: నీ సుడి ఎటు తిరుగుతుందో అవ్వను చూసి చెప్పమను.

*

వడమాలపేట
11-5-1978

చిరంజీవి వసంతకు నాయన ఆశీస్సులు.

సిగ్గుపడి తిప్పి తిప్పి రాసినావు గానీ, ఒక్కసారి చదివితే అవ్వకు అర్థమైపోయింది. రెండు సుళ్ళుంటే రెండు పెళ్ళిళ్ళని నీకూ భయమే. పుత్తూరు సంబంధం పిల్లోడు బాలసుబ్రమణ్యం ఆదివారం వచ్చినాడు. అవ్వ కాళ్ళకు మొక్కినాడు. అవ్వ వాణ్ణి లేవనీలా. తల పట్టుకోని కిటికీ పక్కకు తిప్పి బాగా చూసింది. ఇంతసేపు ఆశీర్వాదం యాడా చూడలేదని వాళ్ళమ్మ కండ్లనీళ్ళు పెట్టుకునింది. ఒకటే సుడి ఉండాది. నువ్వింక నిమ్మళంగా ఉండు. ఆషాఢం రాకముందే ముహూర్తం.

ఇట్లు
చెంగల్రాయుడు

తా.క.: పిల్లోడికి జుట్టు పల్చన. అవ్వకు కండ్లద్దాలతో కూడా పనిపడలా.

*

తిరుపతి
16-5-1978

నాయనా,

నేనడిగింది బాలసుబ్రమణ్యం తల కాదు, నీ తల!

ఈ లెక్క పూర్తయితే వాల్తేరులో మానవశాస్త్రం ఎమ్మెస్సీకి సిఫారసు రాస్తానంది మేడం. ఫారం జతచేశాను, నీ సంతకం కావాలి. నా పిచ్చి ప్రశ్నలను పిచ్చి అనని మనుషుల మధ్య కూర్చోవాలని ఉంది నాయనా. ఎంతగా అంటే, రైలు కూత వినపడితే చదువుతున్న వాక్యం సగంలో వదిలేస్తున్నాను.

వసంత

తా.క.: నిన్న పక్క మంచం చంద్రకాంత నా తల చూసింది. నాకు రెండు సుళ్ళు! అమ్మ రోజూ పాపిడి వంకరగా తీసి, "కదలొద్దు" అని మొట్టేది ఎందుకో ఇప్పుడు తెలిసింది. అమ్మ వేళ్ళు అంతసేపు నా తలలో ఉండడానికి కారణం అదొక్కటే కాకూడదని ఉంది.

*

వడమాలపేట
22-5-1978

వసంతా,

ఆ సంగతి కాగితం మీద పెడతారా ఎవురన్నా? మీ అమ్మ బతికినన్నాళ్ళూ దాచింది. అవ్వ ఉపాయం చెప్పినాది. ముందు నీకు అరటిచెట్టుతో ఒక పెళ్ళి చేసి, చెట్టును నరికేస్తాము. అప్పుడు బాలసుబ్రమణ్యం రెండోవాడు. సుడి లెక్క సరిపోతాది. పెరట్లో పెద్ద చెట్టుండాది గానీ, గెలేసింది, ఇవ్వనంటాది అవ్వ. పిలకతో సరిపెడతాము. శుక్రవారానికి వచ్చేయ్. ఫారం సంగతి తరవాత చూద్దాం.

నాయన

తా.క.: అవ్వ నా తల చూసింది. నాకూ రెండేనంట, రెండూ కుడికే. మీ అమ్మ పోయి ఆరేండ్లాయ. మరి నా రెండోది యాడమ్మా అని అడిగితే అవ్వ లేచి అరటిచెట్టుకు నీళ్ళు పొయ్యను పోయింది.

*

తిరుపతి
27-5-1978

నాయనా,

నీ తా.క. పదిసార్లు చదివాను. ఆ సామెతకు నువ్వొక్కడివే చాలు జవాబు. నీది నాలుగు వందల తొంభై తొమ్మిదో తలగా రాసుకున్నాను.

శుక్రవారం వడమాలపేట బస్సెక్కలేదు, కొండ బస్సెక్కాను. తలనీలాలిచ్చాను. ఏం మొక్కు అని ఎవరూ అడగడానికి లేదు. అది స్వామికీ నాకూ మధ్య మాట. మంగలాయన నా తల వంచి, "కదలొద్దు తల్లీ" అన్నాడు. ఆరేళ్ళకు విన్నాను ఆ మాట. కదలలేదు. అయ్యాక అడిగితే, "రెండుండాయి తల్లీ, ఒకటిట్ల, ఒకటట్ల" అని వేలితో రెండుసార్లు చుట్టి చూపించాడు. ఐదువందలో తల నాది.

పుత్తూరు వాళ్ళకు కబురు పెట్టు. వాళ్ళమ్మ ఈసారి నిజంగానే ఏడుస్తుంది. అరటిపిలకను నరకొద్దు, దాని మానాన దాన్ని ఎదగనివ్వండి.

ఇంకో ఫారం పంపుతున్నాను. నువ్వు సంతకం పెడితే సంతోషం. పెట్టకపోతే మేడం పెడుతుంది.

వసంత

తా.క.: నేను వాల్తేరు వెళుతున్నాను.