నీలం దీపం కింద మెదడు

1949 ఆగస్టు 8

చచ్చిన మనిషి తల తెరిచి చూడమని ఏ వాక్యంలో ఉంది? ఎవరైనా చూపించండి. బైబిల్ నా ఒళ్లోనే ఉంది.

నేను కాపరిగా ఉన్న సంఘంలోని సామ్యూల్ తలనొప్పితో అరిచి అరిచి, ఫిట్స్ వచ్చి, నిన్న సిద్దిపేట దవాఖానలో పోయాడు. డాక్టర్ సిద్ధయ్య అతని మెదడులో ఒక ముక్క కోసుకున్నాడు. భార్య బాలవ్వే ఒప్పుకుందట. సమాధి దగ్గరే నిలదీశాను. పిల్లకు గూడ గదే తలనొస్తుందయ్యా, ఎందుకో చూస్తనన్నడు, ఇచ్చిన, అంది.

పిల్ల రూతు. దయ్యం తండ్రిని వదిలి కూతురిని పట్టింది. తల్లీబిడ్డలను ప్రార్థన ఇంట్లో పెట్టి ఉపవాసం మొదలుపెట్టాను.

ఆగస్టు 12

డాక్టర్ ప్రార్థన ఇంటికే వచ్చాడు. చెప్పులతో! దయ్యం లేదు గియ్యం లేదు, క్షయ మెదడుకెక్కింది, కొత్త సూదిమందు వచ్చింది, పిల్లను పంపు అన్నాడు. రుజువేది అన్నాను. వచ్చి కండ్లతోని చూడు, ఈడ నోరువెట్టి ఒర్రితే కనవడది అన్నాడు.

పొగరు.

ఆగస్టు 13

చూశాను. దవాఖానలో సామ్యూల్ మెదడు ముక్కను మందులో గట్టిపరిచి, మైనంలో పోసి, ఉల్లిపొర కన్నా పల్చగా కోశారు. ఆరమిన్ అనే పసుపు రంగు పట్టించి యాసిడ్‌తో కడిగారు. గదంతా చీకటి. ఆర్క్ ల్యాంప్ వెలుగు నీలం అద్దంలోంచి ముక్క మీద పడింది. ఆ నీలం కంటికి రాకుండా చూసే గొట్టంలో పసుపు అద్దం. మైక్రోస్కోపులో కన్ను పెడితే నల్లటి నలుపులో సన్నని పసుపు పుల్లలు, మండుతున్నట్టు. క్షయ పురుగు ఒక్కటే రంగు ఇడువది, తక్కినదంత యాసిడ్‌కు కడుక్కపోతది అన్నాడు.

సాతాను వెలుగు దూత వేషం వేస్తాడని పౌలు రాశాడు. ఆ మాటే మొహాన కొట్టాను. రంగు పూస్తే గోడా మెరుస్తుంది! గిద్యోను దేవుణ్ణే రెండుసార్లు పరీక్షించాడు: ఒకసారి ఉన్ని తడిసి నేల ఆరాలి, ఇంకోసారి నేల తడిసి ఉన్ని ఆరాలి. నువ్వెంత? కటిక దుకాణం నుంచి మేక భేజా తెప్పించు. అదే రంగు, అదే దీపం. అదీ మెరిస్తే నువ్వు అబద్ధికుడివి.

నవ్వాడు. చేస్త గని, మైనం పోసి కోసుడు రెండు మూడు దినాల పని, అందాక పిల్లనన్న ఆపకు తండ్రీ, అన్నాడు.

పిల్ల కదలదు అన్నాను.

ఆగస్టు 15

రూతుకు వాంతులు. మెడ వంగడం లేదు. పోదామా అయ్యా అని బాలవ్వ లేచింది. గడపకు అడ్డం కూర్చున్నాను. అవిశ్వాసీ అన్నాను. కూర్చుంది.

ఆగస్టు 17, పొద్దున

మైక్రోస్కోపులో మేక మెదడు చీకటి. ముక్క అంటించిన గాజు పలకను ఎంత జరిపినా చీకటే. దాన్ని తీసి సామ్యూల్ ముక్క పెట్టాడు. మళ్లీ ఆ పసుపు పుల్లలు.

డాక్టర్ సూదిమందు సీసా తీసి నా ముందు పెట్టాడు. తిట్టినా బాగుండేది. ఆ మనిషిని ఇప్పటికీ సహించలేను.

అదే రోజు

పిల్లకు ఒక కన్ను మెల్ల తిరిగింది. తల్లి నా మొహమే చూస్తోంది.

బాలవ్వా, నన్ను అడగకు. రేపు కాదు, ప్రార్థన ముగిశాక కాదు. లే, పిల్లను భుజానేసుకో, దవాఖానకు ఉరుకు. ఇవ్వాళే! ఇప్పుడే!