నానీ పెట్టిన సుర్మా

శుక్రవారం రాత్రి, తిరుపతి

నానీకి ఆ సంగతి ఎలా చెప్పాలా అని పొద్దుటి నుంచి గుబులుగానే ఉండింది. వీధంతా ఆమెను నానీ, అంటే అమ్మమ్మ, అనే పిలుస్తుంది. పిల్లల ఒంట్లోకి సీసం ఎక్కడి నుంచి చేరుతోందో వెతకడమే మా పరిశోధన. ఆమె రెండేళ్ళ మనవడి రక్తంలో సీసం ఎక్కువగా ఉంది. వాళ్ళింట్లో పసుపు, గిన్నెలు, గోడల రంగు అన్నీ పరీక్షించాం. చివరికి సీసం దొరికింది, శుక్రవారం స్నానం చేయించి నానీ వాడి కళ్ళకు కాటుకలా పెట్టే సుర్మా పొడిలో.

చెప్పాను. తిడుతుందనుకున్నాను.

"కండ్లు సల్లగా ఉంటాయని నేనే పెట్టినాను గదమ్మా. ఇప్పుడు మానేస్తే తగ్గుతాదా?" అంది.

"రక్తంలో తగ్గుతుంది నానీ. మళ్ళీ పరీక్ష చేస్తాం," అన్నాను. ఇప్పటికే వాడి మెదడుకు జరిగిన నష్టం గురించి ఆమె అడగలేదు. అడిగి ఉంటే ఏం చెప్పేదాన్నో. వాడికింకా మాటలు సరిగా రాలేదు...

నానీ లేచింది. తన చేతుల మీదుగానే జరిగిందని తెలిశాక అంత త్వరగా లేవడం నాకైతే చేతకాదు.

"ఈ వీధిలో పిల్లోళ్ళందరికీ నేనే పెడతా ఉండాను. నువ్వు సెప్తే ఇనరు. ఇంటింటికీ నేనూ వస్తా," అంటూ లోపలికి వెళ్ళింది. బురఖా కోసమేమో అనుకున్నాను. కొళాయి చప్పుడు వినిపించింది.

తిరిగి వచ్చేసరికి ఆమె కళ్ళకు ఎప్పుడూ ఉండే సుర్మా లేదు. రుద్ది కడిగినట్టున్నాయి, ఎర్రబడి ఉన్నాయి.

"నేను పెట్టుకొని, మీరు పెట్టొద్దంటే ఎవురు నమ్ముతారమ్మా?" అంది.