బొల్లిదాని చెవి

పుల్లలచెరువు
1936 ఫిబ్రవరి, సోమారం

ప్రియమైన అన్న తిరుపాలుకు తమ్ముడు గాలెయ్య దండాలు.

నువ్వు పంపిన పలకముక్కల మీద దిద్దీ దిద్దీ కార్డు రాసేకాడికి వచ్చినా. తప్పులుంటే నవ్వొద్దు.

నాకొక మడతచాకు కావాల. మార్కాపురంలో దస్తగిరి సాయబు దుకాణంలో ఉంటాయంట. మొలతాడుకి కట్టుకునేది. కోసే అలుగు జానెడుండాల. కొమ్మలు కొట్టేదానికి, ముల్లు తీసుకునేదానికి. మీ పలకల కంపెనీకి కూలికొచ్చే ఏబేలన్న వారంవారం ఊరికొస్తాడు గదా, ఆయన చేతికియ్యి. బదులుగా అమ్మ నెయ్యిముంత పంపుతాంది.

నాయన ఇల్లు దాటడం లేదు. ఎందుకో ఇందులో రాయను. కార్డంటే పోస్టాయన కూడా చదువుతాడు.

నీ మాట కోసం చూసే తమ్ముడు
గాలెయ్య

—

మార్కాపురం
గురువారం

ముద్దుల తమ్ముడు గాలెయ్యకు అన్న దీవెనలు.

ఓరి నీ అక్షరాలో! గొర్రెపిల్లలు గంతులేసినట్టుండాయి. అయినా చదవగలిగినా. మా కంపెనీలో తోటి కూలోళ్లకు చూపించి మా తమ్ముడు రాసినాడని చెప్పుకున్నా.

దస్తగిరి సాయబు దగ్గరికి పోయినా. జానెడు మడతచాకు అంటే నవ్వినాడు. "జానెడు అలుక్కి జానెడు పిడి కావాల. అది జేబులోకి పోదు బాబూ, మీ తమ్ముణ్ణే దాంట్లో పెట్టుకోవాల" అన్నాడు. తర్వాత కుదురుగా అడిగినాడు. రోజూ ఒంటి మీద ఉండేదా, అడవికి పోయేదా? ఒంటి మీదైతే నాలుగు వేళ్ల పొడుగు అలుగు చాలంట. అడవికైతే కొమ్ముపిడి మంచిది, చెమటకు జారదు. లోపల ఇత్తడి రేకుండాల, వానకు తుప్పు పట్టదు. రెండు అలుగులున్న సీమచాకు కూడా చూపించినాడు. పెద్దది కొమ్మకు, చిన్నది ముల్లుకు.

కొమ్మలకు నీకు కొడవలి ఉండనే ఉంది గదరా. నిజం చెప్పు, చాకు దేనికి? నాయనకేమైంది? కవరులో రాయి.

నీ మేలుకోరే అన్న
తిరుపాలు

—

పుల్లలచెరువు
ఆదివారం

ప్రియమైన అన్నకు,

కవరులో రాస్తాండా. ఎవరికీ చూపించొద్దు.

కార్తీకంలో మన పన్నెండు గొర్రెలు పోయినాయి గదా. ఆ పొద్దు నువ్వు సంగటి తెచ్చిచ్చి పోయినాక తుమ్మచెట్టు నీడన నాకు కునుకు పట్టింది. లేచేసరికి లేవు. అప్పట్నుంచి ఊళ్లో నా పేరు నిద్రగాలెయ్య. నీళ్లకు పోయినా అంటారు, అంగడికి పోయినా అంటారు. నువ్వు కంపెనీకి పోయినాక ఎక్కువైంది. నేను తలొంచుకొని వచ్చేస్తా. నాకు నలుగుర్లో నోరు పెగలదు, నీకు తెలుసు.

పోయిన నెల వాగుకాడ పోలయ్య మందలో తెల్లమచ్చల మన బొల్లిదాన్ని చూసినా. చెవి కొన లేదు. మన మంద గుర్తు, ఆ రెండు గాట్లూ ఆ కొన మీదే కదా ఉండేది. పోలయ్య గుర్తు కొన మొత్తం తీసెయ్యడం. ఏ గొర్రెనైనా కొన కోసేస్తే వాడిదైపోతాది. అయినా గొర్రె మొకం నాకు తెలీదా? "బొల్లీ" అన్నా. వచ్చి నా చెయ్యి నాకింది. చూస్తే పన్నెండూ ఆడనే ఉండాయి.

నాయన పెద్దమనుషుల్ని కూడేసినాడు. పోలయ్య అందరి ముందర చెవులు పట్టి చూపించినాడు. "ఏదీ మీ గాటు? చూపించు మామా!" అన్నాడు. బొల్లిది నా పిలుపుకొచ్చిందని నేను చెప్పబోయినా, గొంతు రాలేదు. అమ్మ చెప్పింది. "గొర్రె ఎవుడు పిలిచినా వస్తాది ఓబులమ్మా, ఆకు చూపిస్తే నీ వెంట కూడా వస్తాది" అని వాడంటే అందరూ నవ్వినారు. లేని దొంగతనం కట్టినందుకు నాయన చేత చెవులు పట్టించినారన్నా. రచ్చబండ కాడ, ఆడోళ్లు చూస్తాండగా. తలపాగ తీసి, రెండు చేతుల్తో రెండు చెవులు. ఆ పొద్దు నుంచి నాయన తలపాగ కట్టలేదు.

చాకు ఎందుకో ఇప్పుడు చెప్తా. పోలయ్య మధ్యాహ్నం మందకాడ గురక పెట్టి పడుకుంటాడు. వాడి కుడి చెవికి మన గాట్లు రెండు పెడతా. తర్వాత నన్ను జైల్లో ఏసినా పర్వాలేదు. వాడు ఏడకు పోయినా, ఎవరు చూసినా, మన మందలోదని తెలియాల.

కొమ్ముపిడిదే తీసుకో. జారకుండా ఉండాల.

పళ్లు నూరుకుంటాండే తమ్ముడు
గాలెయ్య

—

మార్కాపురం
మంగళవారం

నా బంగారు తమ్ముడు గాలెయ్యకు,

నీ కవరు చదివినాక అన్నం ముట్టలేదు. నాయన తలపాగ సంగతి చదివి ఏడ్చినా.

అయినా నా మాట విను. పోలయ్య జోలికి పోవద్దు. పోయిన గొర్రెలు పోయినాయి. ఇరవై ఎనిమిది ఉండాయి, మంచిగా చూసుకుంటే రెండేండ్లకు మళ్లీ నలభై అవుతాయి. వాడి చెవి కోస్తే నీ బతుకు పోతాది.

చాకంటే ఆటనుకున్నావా? సాయబు పది చాకులు తెరిచి మూసి చూపించినాడు. తెరిచేటప్పుడు గోరు నొప్పి పుట్టాల, మూసేటప్పుడు టక్కుమనాల. అది గట్టి స్ప్రింగు. వదులుదైతే కోసేటప్పుడే మడత పడి నీ వేళ్ల మీద మూసుకుంటాది. కోత కూడా తిన్నగా రాదు. బొల్లిది తల విదిలించేసరికి దాని చెవి సగానికాడ ఎట్ల వంకరపోయిందో చూసినావు గదా. గొర్రె చెవికే అట్లయితే, నిద్రలోంచి లేచే మనిషి చెవి కొయ్యగలవా? వాడు నిన్ను బతకనిస్తాడా?

మెల్లగా చూసి ఒక మంచి చాకు పంపుతా. పండు కోసుకునేదానికి, ముల్లు తీసుకునేదానికి. అంతకే.

నిన్ను ఎత్తుకొని పెంచిన అన్న
తిరుపాలు

—

పుల్లలచెరువు
శనివారం

అన్నకు,

నీ జాబు నాలుగుసార్లు చదివినా. నాకు చదువు తక్కువ గదా, తప్పు చదివినానేమో అని కూడబలుక్కుంటా మళ్లీ చదివినా.

బొల్లిదాని చెవి కోత వంకరని నేను రాయలేదు. కొన లేదని మాత్రమే రాసినా. అది నాకు కనపడింది నువ్వు మార్కాపురం పోయి నెలైనాక. పోయినాక నువ్వు ఊరికి రాలేదు. ఏబేలన్న చెప్పినాడేమో అని అడిగినా. "నేను ఆ గొర్రెనే చూడలేదబ్బీ" అన్నాడు.

వంకర ఉండే మాట నిజమే. ఈ పొద్దు వాగుకాడికి పోయి మళ్లీ చూసొచ్చినా. సగానికాడ వంకర. కానీ అది తల విదిలించినట్టు నీకెవరు చెప్పినారు?

ఇంకొకటి గుర్తొచ్చింది. గొర్రెలు పోయిన మర్నాడు నీ చూపుడువేలికి గుడ్డ ఉండింది. కంప గీరుకుందంటివి. అమ్మ పసుపు అద్దబోతే చెయ్యి లాగేసుకుంటివి.

చాకు నాకింకా కావాల. ఎవరికని మాత్రం అడగొద్దు.

గాలెయ్య

—

మార్కాపురం
శుక్రవారం

తమ్ముడా,

ఏబేలన్న చేతికి ఈ జాబు, చాకు ఇచ్చి పంపుతాండా. రెండు అలుగుల సీమచాకు. కొమ్ముపిడి. దుకాణంలో దానికంటే గట్టి స్ప్రింగు లేదు.

నేనే తోలినా. నువ్వు నిద్రపోయేదాకా చెట్టు వెనకాల కూర్చున్నా.

నలభై గొర్రెలుండగా ఇద్దరు కొడుకులూ మందెంట ఉండాల్సిందే అని నాయన ఎన్నిసార్లన్నాడో నీకు తెలుసు. పలకల కంపెనీకి పోతానంటే కర్ర తీసుకున్నాడు. నాకు ఆ అడవి, ఆ వాసన, ఆ అరుపులు పడవురా. మంద తగ్గితే ఒకడు చాలంటాడని ఆలోచన చేసినా. కంపెనీ మేస్త్రీ పోలయ్య బావమరిది. పన్నెండు తోలుకొస్తే పని ఇప్పిస్తానన్నాడు పోలయ్య. చెవులు నేనే కోసినా, వాడిచ్చిన వదులు చాకుతో. బొల్లిదాని కాడ అది నా వేలి మీద మూసుకుంది.

నీకు చెడ్డపేరొస్తాదని అనుకోలేదు. నాయన రచ్చకు పోతాడని కూడా అనుకోలేదు. రెండు దినాలు అని ఊరుకుంటారనుకున్నా.

కోసిన కొనలు పారెయ్యబుద్ధి కాలేదు. మన గాట్లు గదా. గుడ్డలో చుట్టి, వాగు గట్టున నంది మాదిరుండే బండ సందులో పెట్టినా. తీసి ఏడన్నా పూడ్చెయ్యి.

ఇది చదివి పొయ్యిలో వెయ్యి. నాయనకు తెలిస్తే నా మొకం చూడడు. నీకు అక్షరాలు నేర్పినోణ్ణి, నన్ను రచ్చకీడ్చొద్దు.

నీ చేతిలో ఉండే అన్న
తిరుపాలు

—

పుల్లలచెరువు
బుధవారం

అన్న తిరుపాలుకు గాలెయ్య రాసేది.

చాకు చేరింది. జాబు పొయ్యిలో వెయ్యలేదు.

బండ సందులో గుడ్డ దొరికింది. పన్నెండు కొనలు, ఎండి చింతతొక్కల మాదిరి ముడుచుకొని ఉండాయి. గాట్లు మాత్రం చెడిపోలేదు, రెండూ రెండే. అమ్మకు చూపించినా. పెద్దమనుషుల ఇండ్లకు అమ్మే పోయి కూడేసింది, పోలయ్య మందను కూడా ఆడికే తోలించింది.

రచ్చలో నీ జాబు నేనే చదివినా. "నిద్రగాలెయ్య లేచినాడ్రోయ్" అని ఎవరో అన్నారు. నువ్వు నేర్పిన అక్షరాలు ఒక్కటి కూడా విడిచిపెట్టకుండా చదివినా. కర్ర సంగతి, మేస్త్రీ సంగతి, చెట్టు వెనకాల కూర్చున్న సంగతి.

పోలయ్య లేచి "రాతలెవుడైనా రాస్తాడు" అన్నాడు. నేను గుడ్డ విప్పి, తెల్లమచ్చ ఉండే కొన తీసి బొల్లిదాని చెవికి ఆనిచ్చి పట్టుకున్నా. వంకరకు వంకర సరిపోయింది. మిగతా పదకొండూ అట్లనే, నల్లదానికి నల్లది, ఎర్రదానికి ఎర్రది.

చాకు నా మొలతాడుకే ఉండింది. తియ్యాల్సిన పని పడలేదు. పోలయ్య చెవులు పోలయ్యే పట్టుకున్నాడు, నాయన ముందర, రెండు చేతుల్తో. "ఇంకా కిందికి వంగు అల్లుడా, మీ మామ ఆ పొద్దు ఇంతకంటే వంగినాడు" అని అమ్మ అరిచింది. నాయన్ను మామా అని పిలిచినోడు గదా, అందుకని అందరూ నవ్వినారు. ఈసారి నవ్వు మా దిక్కుంది. పన్నెండూ ఇంటికొచ్చినాయి. కుడి చెవుల్లో జాగా లేదు, అందుకని నాయన పట్టుకుంటే ఎడమ చెవులకు ఈ చాకుతో నేనే గాట్లు పెట్టినా.

నాయన తలపాగ కట్టినాడు. నీ పేరెత్తితే లేచి మందకాడికి పోతాండాడు. అమ్మ మాత్రం నిన్ను రమ్మని రాయమంటాంది.

నేను కూడా రమ్మనే రాస్తాండా. ఉగాదికి రా. పోలయ్య నిలబడినకాడే నాయన ముందర నిలబడాల. నీ చెవులు నువ్వే పట్టుకుంటావో, నన్ను పట్టుకోమంటావో తేల్చుకొని రా.

చాకు మంచిదే ఎంచి పంపినావన్నా. దినామూ తెరిచి మూసి చూస్తాండా. స్ప్రింగు గట్టిగా ఉంది, నా వేళ్ల మీద మూసుకోదు.

మెలకువగా ఉండే తమ్ముడు
గాలెయ్య