పిల్లల పేర్లు లేని రిజిస్టరు

12 జూలై 1892, మంగళవారం

పడవలో టపా వచ్చింది. దిగువ ఊళ్ళ కరణాలు పంపిన చావుల జాబితాలు మళ్ళీ ఒక కట్ట. ఈ ఏడు వాంతిభేది లంకల్లోకి కూడా దిగింది. కట్ట విప్పకుండానే జ్ఞానప్రకాశం బల్ల మీద పెట్టించాను.

ఈ ఏర్పాటు నాదే. రెండున్నరేళ్ళ కిందట నేను ఈ తాలూకా ఆఫీసుకు హెడ్ గుమాస్తాగా వచ్చేసరికి చావుల రిజిస్టరు దగ్గర రోజూ తగాదా. పోయినవాళ్ళ పేర్లు పొద్దున్నే రాస్తే ఇంటికి అరిష్టమని ఒకడు, భార్య నీళ్ళోసుకుందని ఇంకొకడు. నాకూ ఆ పుస్తకం ముట్టుకోవాలంటే ఒళ్ళు జలదరిస్తుంది. ఇక్కడ దాచుకోవడం ఎందుకు. ఆఫీసులో క్రైస్తవుడు జ్ఞానప్రకాశం ఒక్కడే. వాళ్ళకు ఈ పట్టింపులు లేవు కదా అని ఫెయిర్ కాపీ రాసే పని మొత్తం అతనికి అప్పగించాను. అందరూ నా తెలివిని మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నాను.

15 జూలై, శుక్రవారం

మధ్యాహ్నం జ్ఞానప్రకాశం నా బల్ల దగ్గరికి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పంతులుగారూ, ఆ పుస్తకం నెలలో ఒక వారమైనా ఇంకొకరికి ఇప్పించండి అన్నాడు. పని ఎక్కువై కాదట. రాసిన పేర్లు ఇంటిదాకా వస్తున్నాయట. అన్నం ముందు కూర్చుంటే ఫలానా ఊరు, ఫలానా వాడి కూతురు, మూడేళ్ళు అని వరసగా గుర్తొస్తున్నాయట. ఆదివారం వాళ్ళ గుడిలో పాట పాడుతూ మధ్యలో ఆగిపోతున్నాడట. లీవు వద్దండి, కాస్త పంచితే చాలండి అన్నాడు.

నాకు ఏం చెప్పాలో తోచలేదు. తోచనప్పుడు నాకు వెటకారం వస్తుంది. మీవాళ్ళు పోతే నేరుగా పరలోకమే కదయ్యా, నీకెందుకు దిగులు అన్నాను. ముందు పక్క బల్ల గుమాస్తా పెద్దిరాజు నవ్వాడు, తర్వాత గదంతా నవ్వింది. జ్ఞానప్రకాశం కూడా నవ్వి, వెళ్ళి కలం తీసుకున్నాడు. అక్కడితో అయిపోయిందనుకున్నాను.

23 జూలై, శనివారం

జ్ఞానప్రకాశం అరగంట ఆలస్యం. హాజరు పట్టీలో గుర్తు పెట్టాను.

8 ఆగస్టు, సోమవారం

కొంప మునిగింది. ఒక లంక గ్రామం నుంచి వచ్చిన జాబితాలో పదకొండు చావులున్నాయి, మన రిజిస్టరులో ఆరే ఉన్నాయి, ఇదేంటి అని తహసీల్దారుగారు కబురు పంపారు. జాబితాలన్నీ తెప్పించి, పెద్దిరాజు చదువుతుంటే నేను సరిచూశాను. పుస్తకం నేనే పట్టుకోవలసి వచ్చింది.

జూలై పదహారో తేదీ నుంచి రిజిస్టరులో పదేళ్ళలోపు పిల్లలు ఒక్కరూ లేరు. నూట పదిహేడు పేర్లు తప్పిపోయాయి. పెద్దవాళ్ళవి మాత్రం ఒక్క అక్షరం కూడా పోలేదు.

జ్ఞానప్రకాశాన్ని పిలిచి అడిగాను. దాచలేదు. పిల్లల పేర్ల దగ్గరికి వస్తే చెయ్యి ముందుకు పోదండి అన్నాడు. అయితే నాతో చెప్పాలి కదా అన్నాను. అతను నా ముఖం వంక చూశాడు. రాయకపోతే ఇంకా బతికున్నట్టే ఉంటుందండి అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

9 ఆగస్టు, ఉదయం పది గంటలు

తహసీల్దారుగారు నన్ను రాతమూలకంగా సంజాయిషీ అడిగారు. ఈ గుమాస్తా తన ఇబ్బంది ఇంతకుముందు ఎవరికైనా చెప్పుకున్నాడా, చెప్పుకుంటే ఏం చర్య తీసుకున్నారు. ఈ రెండు ప్రశ్నలకూ జవాబు కావాలట. చెప్పుకున్నాడని రాస్తే రెండో ప్రశ్నకు నేను దొరికిపోతాను.

అదే రోజు, సాయంత్రం ఆరు గంటలు

చెప్పుకోలేదని రాశాను. సంతకం పెట్టాను. పెద్దిరాజుకు తెలుసు, వీరాస్వామికి తెలుసు, గదిలో అందరికీ తెలుసు. కాగితం తహసీల్దారుగారి గదికి వెళుతుంటే అందరూ తలవంచుకుని రాసుకుంటున్నారు. నాకు పెళ్ళాం పిల్లలు ఉన్నారు. అతనికీ ఉన్నారు.

20 ఆగస్టు, శనివారం

జ్ఞానప్రకాశాన్ని ఉద్యోగం నుంచి తీసేశారు. పై ఆఫీసు నుంచి వచ్చిన ఆర్డరు నేనే అతని చేతికిచ్చాను. నిలబడే చదువుకుని, వెళ్ళొస్తానండి పంతులుగారూ అన్నాడు. కలం మరిచిపోయి వెళ్ళాడు.

22 ఆగస్టు, సోమవారం

తప్పిపోయిన పేర్లు ఎక్కించాలి. పెద్దిరాజు జ్వరమన్నాడు. వీరాస్వామి ఇంట్లో వ్రతమన్నాడు. వాళ్ళనేమని అడుగుతాను. నేనే కూర్చున్నాను.

ఇరవై రాశాక లేచి పెరట్లోకి వెళ్ళాను. మళ్ళీ వచ్చి రాశాను. ఒకే ఇంట్లో ముగ్గురున్నారు, ఆరేళ్ళు, నాలుగేళ్ళు, ఏడు రోజులు. చిన్నదానికి ఇంకా పేరు పెట్టలేదు, పల్లంరాజు కూతురు అని ఉంది. సాయంత్రానికి నలభై కూడా కాలేదు. ఇంటికెళ్ళి నెత్తిన నీళ్ళు పోసుకున్నాను. మా చిన్నది వచ్చి ఒళ్ళో కూర్చోబోతే వద్దన్నాను. ఎందుకన్నానో దానికి తెలియదు, బిక్కమొహం వేసుకుని వెళ్ళిపోయింది. జ్ఞానప్రకాశం ఈ పని రెండున్నరేళ్ళు చేశాడు. నాకు సిగ్గుగా ఉంది. అంతకంటే మంచి మాట కోసం వెతికాను, లేదు.

28 ఆగస్టు, ఆదివారం

మిషను పేటకు వెళ్ళాను. జ్ఞానప్రకాశం గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు, లేవలేదు. అతని భార్య దేవకుమారి అరుగు మీద చాప వేసింది. ఆమె మిషను బడిలో చదువుకున్న మనిషి. ఎనిమిది రోజులుగా ఆయన సరిగా తినడం లేదండి అంది. ఆఫీసులో నాకు ఒక్క మనిషి లేడు అనే మాట తప్ప ఇంకో మాట లేదండి అంది.

ఆ శుక్రవారం నాతో మాట్లాడడానికి ముందు నాలుగు రోజులు ఆలోచించుకున్నాడట. ఎలా అడిగితే పంతులుగారికి కోపం రాదు అని, ఆమెను నా చోట కూర్చోబెట్టి, ఆ మాటలన్నీ ఒకటికి రెండుసార్లు చెప్పి చూసుకున్నాడట. ఇది చెప్పేటప్పుడు ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

తర్వాత లోపలికి వెళ్ళి ఆర్డరు తెచ్చి ఒక వాక్యం మీద వేలు పెట్టింది. తన ఇబ్బంది ఎవరికీ చెప్పుకోలేదని ఇక్కడ ఉందండి, ఇది రాసిందెవరండి అని అడిగింది. పై ఆఫీసు వాళ్ళు అన్నాను. ఆమె కాగితం మడిచి, మంచిదండి అంది. తెలిసిపోయిందని నాకు తెలిసింది. చెప్పులేసుకుని వచ్చేశాను.

5 సెప్టెంబరు, సోమవారం

చావుల రిజిస్టరు ఇక వంతులవారీ. మనిషికి వారం, నాతో సహా. మొదటి వారం నాదే. పెద్దిరాజు సణిగితే గట్టిగా కసిరాను.

తహసీల్దారుగారు పిలిచి, కింది గుమాస్తాల బాగోగులు కనిపెట్టుకునేవాడు ఇలా ఉండాలి, మంచి ఆలోచన చేశావు అన్నారు. ఆ ఆలోచన ఎవరిదో చెప్పడానికి నోరు తెరిచాను. చెబితే సంజాయిషీలో రాసింది అబద్ధమని తేలుతుంది. చిత్తం అన్నాను.

12 సెప్టెంబరు, సోమవారం

నిజం ఒప్పుకుంటూ అర్జీ రాసి చింపేశాను. ఇది మూడోసారి.

19 సెప్టెంబరు, సోమవారం

జ్ఞానప్రకాశం వచ్చాడు. సగమయ్యాడు. గుమ్మం దగ్గరే ఆగి, అందరి ఎదుటా నాకు దండం పెట్టాడు. నన్ను తీసెయ్యొద్దని మీరు పైవాళ్ళకు రాశారటగా పంతులుగారూ, మా ఇంటిది చెప్పిందండి, అది విన్నప్పటి నుంచీ అన్నం సయిస్తోందండి అన్నాడు.

దేవకుమారి అతని వెనకే నిలబడి నా వంక చూస్తోంది. గదిలో కలాలన్నీ ఆగిపోయాయి.

దానిదేముందిలే అన్నాను.